ఫైరింజన్ షెడ్డులో మొదటి రోజు

సుధేష్ణ రెడ్ కౌ స్టాపులో లువాస్ ట్రాము దిగేసరికి ఏడూ నలభై. పనికి రమ్మన్నది ఎనిమిదిన్నరకు. అక్కణ్ణుంచి క్లాండాల్కిన్‌లోని షెడ్డుకు నడక ఇరవై నిమిషాలు. అరగంట ముందే చేరిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాలుగున్నరకే మెలకువ వచ్చిన మనిషి ఇంట్లో ఇంకేం చేస్తుంది?

కాళ్లకు బూట్లు. వేళ్ల దగ్గర లోపల ఇనప రేకు ఉన్నవి. వాటిని మెత్తబరచాలని పదిహేను రోజులుగా తొడుక్కుని ఇల్లంతా తిరిగింది. "ఇంట్ల చెప్పులతోని తిరుగుడే తప్పంటే, నువ్వు గుర్రం నాడాలేసుకొని టకటకమంటున్నవ్," అని తల్లి లలితకుమారి రోజూ అంటూనే ఉంది. ఆ పొద్దున కూడా అంది. అంటూనే డబ్బాలో పులిహోర కూరింది, షెడ్డు మొత్తానికి సరిపోయేంత.

ఐర్లండు హైస్కూళ్లలో మూడో సంవత్సరం పరీక్షలు అయ్యాక, పైతరగతికి పోయే ముందు, కావాలన్నవాళ్లకు ఒక సంవత్సరం ఉంటుంది. ఆ సంవత్సరం పెద్ద పరీక్షలేవీ ఉండవు. వంట నేర్పుతారు, ప్రథమ చికిత్స నేర్పుతారు, నాటకం వేయిస్తారు, పిల్లలే ఒక కంపెనీ పెట్టి కొవ్వొత్తులో బిస్కెట్లో అమ్ముతారు. దానికి ట్రాన్సిషన్ ఇయర్ అని పేరు. అందరూ టీవై అంటారు. అందులో రెండు వారాలు ఎక్కడో ఒకచోట పనికి పోవాలి. ఆ చోటు పిల్లలే వెతుక్కోవాలి. దొరకనివాళ్లు ఆ రెండు వారాలూ బళ్లో లైబ్రరీలో కూర్చుని, దొరికినవాళ్లు చేసే పనుల మీద వ్యాసాలు రాయాలి.

తండ్రి పురుషోత్తంది సిద్దిపేట. ఇక్కడ నది ఒడ్డున ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. టీవై గురించి విన్నరోజు ఆయన అన్నది ఒక్క మాటే: "పరీక్ష లేకుంటె పాసైనట్టు ఎట్ల తెలుస్తది?" చివరికి స్నేహితుడు కొండల్ రావును అడిగాడు. కొండల్ రావు క్లాండాల్కిన్‌లోనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. అందరి పిల్లలూ చేస్తున్నారు, కాలేజీల వాళ్లు కూడా చూస్తున్నారు, కానివ్వు అని ఆయన చెప్పాడు. సుధేష్ణ టీవైలో చేరింది.

షెడ్డును ఆమే పట్టింది. అక్టోబరులో ఒకరోజు బస్సులో పోతుంటే, కంచె అవతల చక్రాలు లేని ఫైరింజన్ కనబడింది. దాని పక్కన ముందుభాగం ఊడదీసిన ఇంకొకటి. తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి లోపలికి పోయింది. పాత ఫైరింజన్లను విప్పి, పంపులు మార్చి, మళ్లీ బిగించి ఊళ్లకు పంపే చోటు అది. యజమాని రాబర్ట్‌కు అరవై దాటాయి. టైముకు రాగలవా అని అడిగాడు. రాగలనంది. తెలియనిది అడిగితే తెలియదని చెప్పగలవా అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "తెలియదు," అంది. రాబర్ట్ నవ్వి క్యాలెండరు తీశాడు. ఫిబ్రవరిలో ఆమె వచ్చే మొదటి సోమవారం నాడే లెటర్‌కెన్నీ అనే ఊరికి పోవాల్సిన ఇంజనుకు పంపు పరీక్ష ఉందనీ, మధ్యాహ్నం మూడింటికనీ, స్టాప్‌వాచ్ ఆమె పట్టుకోవచ్చనీ చెప్పాడు.

నాలుగు నెలలు ఆమె ఆ సోమవారం కోసం చూసింది. మంచం పక్క గోడ మీద పంపు బొమ్మ గీసి అంటించింది. నీళ్లు పీల్చేది ఏ వైపు, వదిలేది ఏ వైపు అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ సోమవారం ఇదే.

ఎనిమిదికి గేటు దగ్గర రాబర్టే తాళం తీస్తున్నాడు. ఆమెను చూసి చేతి గడియారం చూసుకున్నాడు. టీ పోశాడు. ఆఫీసు గదికి షెడ్డు వైపు అద్దం ఉంది. అద్దంలోంచి ఇంజను కనబడుతోంది. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, పంపు బయటికి కనబడేలా. ఇద్దరు మెకానిక్కులు దాని కింద దూరి ఉన్నారు. సుధేష్ణ టీ కప్పు కింద పెట్టేసి లేచింది.

ఒక్క నిమిషం అన్నాడు రాబర్ట్. బడి నుంచి ఇన్సూరెన్స్ ఉత్తరం ఇంకా రాలేదట. పనికి పంపే ప్రతి పిల్లకూ బడి ఒక ఉత్తరం పంపుతుంది: ఈ అమ్మాయి ఈ తేదీల్లో మీ దగ్గర ఉంటుంది, ఏదైనా జరిగితే మా ఇన్సూరెన్స్ చూసుకుంటుంది అని. అది నేరుగా పనిచోటుకు ఈమెయిల్‌లో వస్తుంది. గురువారమే పంపామని టీచర్ క్లాసులో చెప్పిందని సుధేష్ణ అంది. ఎక్కడో ఆగి ఉంటుందిలే అని రాబర్ట్ తొమ్మిదింటికి బడికి ఫోన్ చేశాడు.

ఫోనులో ఆయన మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. వింటూ రెండుసార్లు సుధేష్ణ వైపు చూశాడు. ఫోన్ పెట్టేసి కళ్లజోడు తీశాడు.

"కొండల్ రావు ఎవరు?"

"మా అంకుల్," అంది సుధేష్ణ. "అంటే, నిజం అంకుల్ కాదు."

"ఫైరింజన్లు చేస్తాడా?"

"లేదు. సాఫ్ట్‌వేర్."

"అయితే ఈ రెండు వారాలూ నువ్వు పనిచేసేది ఆయన దగ్గర. బడి కాగితాల్లో అలాగే ఉంది. ఇన్సూరెన్స్ ఉత్తరం కూడా ఆయనకే పోయింది."

సుధేష్ణకు ముందు అర్థం కాలేదు. ఫారం ఆమే నింపింది, బడి వెబ్‌సైట్‌లో. రాబర్ట్ పేరు, షెడ్డు చిరునామా అక్షరం అక్షరం కొట్టింది. కింద తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటే, లాప్‌టాప్ తండ్రికిచ్చి స్నానానికి పోయింది. వచ్చేసరికి అయిపోయింది బిడ్డా, పంపేసిన అన్నాడాయన.

రాబర్ట్ ఆమెను తలుపు దాకా తీసుకెళ్లి నేల చూపించాడు. ఆఫీసు గడప దాటిన మూడడుగులకు ఒక పచ్చగీత గీసి ఉంది, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు. ఉత్తరం లేకుండా నువ్వు ఆ గీత దాటితే, నీ కాలి మీద ఒక పానా పడితే, నేను షెడ్డు మూసుకోవాలి అన్నాడు. కోపంగా చెప్పలేదు. మూడింటికి పరీక్ష ఆగదు, లెటర్‌కెన్నీ వాళ్లు దాన్ని తీసుకుపోవడానికే వస్తున్నారు, నాలుగింటికల్లా రోడ్డు మీద ఉండాలి అని కూడా చెప్పాడు. ఆలోగా ఉత్తరం వస్తే మంచిదే.

సుధేష్ణ కోపం వస్తే ఇంగ్లీషులో మాట్లాడుతుంది, అవసరం పడితే తెలుగులో. గేటు దగ్గరికి పోయి తండ్రికి ఫోన్ చేసి తెలుగులో మొదలుపెట్టింది.

"డాడీ, నువ్వు ఫారం మార్చినవా?"

పురుషోత్తం మీటింగులో ఉన్నాడు. బయటికి వచ్చి మాట్లాడాడు. ఆయన గొంతులో తప్పు చేసిన ఛాయ లేదు. సాయం చేసినవాడి గొంతు అది. మార్చిన బిడ్డా, అన్నాడు. కొండల్ రావును అడిగి ఆయన కంపెనీ పేరు పెట్టాడు. రేపు కాలేజీ వాళ్లు చూస్తే గ్యారేజీ పేరు ఉంటే ఏం బాగుంటుంది? సాఫ్ట్‌వేర్ కంపెనీ లెటర్ ఉంటే ఒక విలువ. అందుకని ఆమెను ఆపలేదు కదా. షెడ్డుకు పొమ్మన్నాడు, బూట్లు కూడా కొనిచ్చాడు.

"పేపర్ మీద మంచి కంపెనీ ఉండాలె. పని నీకు నచ్చిన కాడ చేస్కో. రెండిటికి ఏం సంబంధం?" అన్నాడు.

ఆ మాట ఆయన అబద్ధమాడదామని అనలేదు. ఆయన ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ప్రాజెక్టు అమీర్‌పేటలో తయారుగా దొరికింది. జీతాల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్. అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో పేరు అచ్చువేసి ఇచ్చారు. కంపెనీలో ఆరు నెలలు పనిచేసినట్టు ఉత్తరం కూడా దాంతోపాటే వచ్చింది. ఆ కంపెనీ ఏ వీధిలో ఉందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. క్లాసులో అరవై మందీ అలాగే చేశారు, అడిగినవాళ్లూ లేరు. పని ఆయన తరువాత నేర్చుకున్నాడు, బాగానే నేర్చుకున్నాడు. కాగితం ఒక దారి, పని ఒక దారి అనేది ఆయనకు ఎవరూ చెప్పిన పాఠం కాదు. చూసిన లోకం అది.

"డాడీ, నన్ను లోపలికి రానిస్తలేరు," అంది సుధేష్ణ. "లెటర్ అంకుల్‌కి పోయింది. నేను గేటు కాడ నిలబడ్డ."

కొండల్ రావుతో మాట్లాడి సరిచేస్తానని ఆయన ఫోన్ పెట్టేశాడు.

కానీ కొండల్ రావుతో అప్పటికే ఇంకొకరు మాట్లాడేశారు. టీవై చూసుకునే టీచర్ మిస్ కిన్సెల్లా, రాబర్ట్‌తో ఫోన్ అయిన మరుక్షణం కొండల్ రావుకు చేసింది. సుధేష్ణ అక్కడే ఉందా, ఒక మాట మాట్లాడవచ్చా అని ఏమీ తెలియనట్టే అడిగింది. పాపం కొండల్ రావుకు షెడ్డులో జరిగిందేమీ తెలియదు. స్నేహితుడి పరువు కాపాడదామని ఒకటే తొందర. అమ్మాయి మీటింగ్‌లో ఉందని చెప్పాడు. ఎంతసేపు పడుతుందంటే, క్లయింటుతో మీటింగు, చెప్పలేమని కూడా అన్నాడు.

ఈ సంగతి పదీ పావుకు రాబర్ట్ నోట సుధేష్ణ వింది. మిస్ కిన్సెల్లా ఆయనకు మళ్లీ ఫోన్ చేసి చెప్పిందట. చెబుతూ ఆయన కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది, అంత నవ్వాడు. మెకానిక్కులకు కూడా చెప్పాడు. ఇంజను కింద నుంచి ఒకతను, "క్లయింటు ఏమంటున్నాడు?" అని అరిచాడు. సుధేష్ణకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. రెండోదాన్నే బయటికి రానిచ్చింది.

మిస్ కిన్సెల్లా మాత్రం నవ్వలేదట. ఒంటిగంటకు షెడ్డుకు వస్తానందట. తల్లిదండ్రుల్లో ఒకరు ఉండాలి. లేకపోతే అమ్మాయిని వెంటబెట్టుకుని బడికి తీసుకెళ్లిపోతుంది, రెండు వారాలూ లైబ్రరీ.

సుధేష్ణ ఇంటికి చేసింది. తల్లి అంతా విని, ఉండు అని పెట్టేసి, భర్తకు చేసింది. ఏమందో సుధేష్ణ ఆ తరువాత తెలుసుకుంది. "చేసింది మీరు. పడేది అది. ఆఫీసు ఎటూ పోదు, ఇప్పుడే బయల్దేరుండ్రి."

పన్నెండున్నరకు పురుషోత్తం గేటు దగ్గర కనబడ్డాడు. ఆఫీసు బూట్లు, మెడలో ఆఫీసు కార్డు. కార్డు తీయడం మరిచిపోయినట్టున్నాడు. దారి పొడవునా కొండల్ రావుతో ఫోనులోనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఒక మాట తయారుచేశారు. దాన్ని కూతురికి గేటు దగ్గరే చెప్పాడు. కంప్యూటర్ పాత పేరు దానంతటదే నింపేసింది, ఎవరూ చూసుకోలేదు. అంతే. సాఫ్ట్‌వేర్ వాడి నోట వస్తే ఎవరైనా నమ్ముతారు.

"పాత పేరు ఏంది డాడీ? అంతకుముందు ఎప్పుడు నింపినం?"

"అంత లోపలికి ఎవరడుగుతరు బిడ్డా."

మిస్ కిన్సెల్లా ఒంటిగంటకు రెండు నిమిషాల ముందే వచ్చింది. చేతిలో ఫైలు. ఆమెకు నూట పద్దెనిమిది మంది పిల్లలు, ఆ రోజు ఇంకా ఆరు చోట్లకు పోవాలి. ఆఫీసు గదిలో కుర్చీలు రెండే. పురుషోత్తం నిలబడ్డాడు. సుధేష్ణ అద్దానికి ఆనుకుని నిలబడింది. వెనక ఎవరో పంపు మీద సుత్తితో కొడుతున్న చప్పుడు ఆమె వీపుకు తగులుతోంది. గడియారం వంక చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

పురుషోత్తం మొదలుపెట్టాడు. ఆన్‌లైన్ ఫారాల్లో ఒక్కోసారి కంప్యూటర్ ఏం చేస్తుందంటే అన్నాడు. మిస్ కిన్సెల్లా ఆపలేదు. విని, ఫైలులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఫారం సుధేష్ణ ఖాతా నుంచి వచ్చింది. అందులో షెడ్డు పేరు కొట్టి, చెరిపి, ఇంకో పేరు పెట్టినట్టు ఉంది. కంప్యూటర్ దానంతటది అలా చేయదు. కనుక అడగాల్సింది సుధేష్ణనే అంది. అబద్ధపు పనిచోటు చూపించిన పిల్లకు టీవైలో ఆ సగం సంవత్సరం లెక్కలోకి రాదని కూడా చెప్పి, సుధేష్ణ వైపు తిరిగింది.

"పేరు నువ్వు మార్చావా?"

సుధేష్ణ తండ్రి వైపు చూడలేదు. తల తిప్పి అద్దంలోంచి పచ్చగీతను చూసింది. లేదంటే తండ్రి అబద్ధమాడినట్టు. అవునంటే ఇక షెడ్డు లేదు. నోరు తెరిచింది.

"నేను మార్చిన," అన్నాడు పురుషోత్తం తెలుగులో. అన్నాక ఎవరికీ అర్థం కాలేదని గుర్తొచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. మార్చింది తను. అమ్మాయికి ఈ పొద్దుటి దాకా తెలియదు. కంప్యూటర్ మాట కూడా దార్లో కట్టిందే. ఎందుకు చేశారంటే చెప్పడానికి చాలాసేపు పట్టింది. బంగారు అక్షరాల ప్రాజెక్టు గురించి చెప్పాడు. అరవై మంది గురించి చెప్పాడు. పేరున్న చోటుదైతే కాగితం పనికొస్తుందనుకున్నాననీ, అమ్మాయి ఎటూ ఇక్కడే పని చేస్తుంది కనుక అది తప్పని తట్టలేదనీ చెప్పాడు. చెబుతూ మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

రాబర్ట్ గొంతు సవరించుకుని, ఆ జీతాల సాఫ్ట్‌వేర్ పనిచేసేదా అని అడిగాడు.

"ఎప్పుడూ తెరిచి చూడలేదు," అన్నాడు పురుషోత్తం.

మిస్ కిన్సెల్లా పెదవి కొన కొంచెం కదిలింది. ఫైలులోంచి ఇంకో ఫారం తీసింది. కొత్తది. ఈసారి చేత్తో రాయాలి. అందులో ఒక గడి ఉంది: ఈ రెండు వారాల్లో మీ పిల్ల ఇక్కడ ఏమేం చేస్తుంది, తల్లిదండ్రుల మాటల్లో. మామూలుగా అందరూ ఒక ముక్క రాసి వదిలేస్తారు. మీరు మాత్రం చూసి రాయండి అంది. పావు తక్కువ రెండుకు తనకు పంపితే బడికి పంపిస్తుంది. ఉత్తరం మీద వైస్ ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి, ఆమె రెండూ ఇరవై దాకా క్లాసులో ఉంటుంది. ఆపైన తన చేతిలో లేదు. మిస్ కిన్సెల్లా కారెక్కింది.

చూసి రాయాలంటే లోపలికి పోవాలి. వచ్చిపోయే పెద్దవాళ్లకు షెడ్డు సొంత ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. రాబర్ట్ పురుషోత్తం నెత్తిన హెల్మెట్ పెట్టి, పసుపు కోటు తొడిగించి, గీత దాటించాడు. నాలుగు నెలలు ఎదురుచూసిన సుధేష్ణ ఇటు, పానా అంటే ఏమిటో అడిగే పురుషోత్తం అటు. మెకానిక్కులకు పరీక్ష పనులున్నాయి. చూపించే తీరిక ఎవరికీ లేదు. సుధేష్ణ గీత మీదికి బూటు కొన తగలకుండా నిలబడి, ఇక్కణ్ణుంచే మొదలుపెట్టింది.

"డాడీ, ఎడమ దిక్కు ఉన్నది పంపు. ముట్టకు. ముట్టొద్దన్న కదా!"

"ముట్టలే, చూస్తున్న. ఈ లావు పైపేంది?"

"నీళ్లు గుంజేది. చెరువుల వేస్తరు, నది ఉంటే నదిల. ముందు అందులకెళ్లి గాలి మొత్తం తీసెయ్యాలె. గాలి పోతే నీళ్లు వాటంతటవే ఎక్కుతయి."

"గాలి పోయిందని ఎట్ల తెలుస్తది?"

"పైన చిన్న గడియారం లెక్క ఉంది చూడు. ముల్లు కిందికి దిగి, ఇంజన్ ఆపినంక ఒక్క నిమిషం అట్లనే నిలబడాలె. ఆ ఎర్ర గుర్తు దాకా వెనక్కొస్తే ఎక్కడో లీకున్నట్టు."

పురుషోత్తం కలం ఆగింది. ముల్లు దగ్గరికి పోయి వంగి చూశాడు. నిమిషానికి ఎంత దాకా తగ్గితే పాస్, ఎంత తగ్గితే ఫెయిల్ అని రాబర్ట్‌ను అడిగాడు. రాబర్ట్ చెప్పాడు. లీకు దొరికితే ఆ ఒక్కటి సరిచేసి వదిలేస్తారా, మొత్తం మళ్లీ చేస్తారా అన్నాడు. మొత్తం మళ్లీ అన్నాడు రాబర్ట్.

"ఇది టెస్టింగే కద బిడ్డా," అని పురుషోత్తం గీత వైపు తిరిగి అన్నాడు. ఆయన మొహం చూస్తే, పరాయి ఊళ్లో బంధువు తగిలినట్టుంది. "మొదలే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. నా రూంల బొమ్మ కూడా ఉంది."

ఆయన అడిగినకొద్దీ ఆమె గొంతు పెరిగింది. లోపలి నుంచి కాకుండా బయటి నుంచి చెప్పాలంటే ప్రతిదానికీ పేరు కావాలి, చోటు కావాలి. నీ మోకాలి ఎత్తులో, నిచ్చెన వెనక, నీలం పిడి పక్కన. గోడ మీది బొమ్మ ఆమెకు అంత కంఠతా వచ్చిందని ఆమెకే తెలియదు. ఒక మెకానిక్కు పని ఆపి విన్నాడు. భాష తెలియదు కానీ ఆమె చెయ్యి చూపించినచోటల్లా తల ఊపాడు. పురుషోత్తం గడి నింపి, చాలక కాగితం వెనక్కి తిప్పి, అటూ నింపాడు. పావు తక్కువ రెండుకు మూడు నిమిషాలుండగా ఫారం ఫోటో తీసి పంపాడు.

ఆ తరువాత చేయడానికి ఏమీ లేదు. తండ్రీ కూతుళ్లు ఆఫీసు గదిలో కూర్చుని పులిహోర తిన్నారు. కొండల్ రావు రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి పురుషోత్తం ఎత్తి, ఉన్నది చెప్పేసిన అన్నాడు. కొండల్ రావు కంగారుపడి, ఇప్పుడు నేనేం చెప్పాలని అడిగాడు. మీటింగ్ అయిపోయిందని చెప్పమన్నాడు పురుషోత్తం.

రెండున్నర. లెటర్‌కెన్నీ వాళ్లు ఇద్దరు వచ్చారు. టీ తాగారు. రెండూ నలభై. ఇంజనును షెడ్డు వెనక తలుపులోంచి పెరట్లోకి తోలారు. అక్కడ నేలలో నీళ్ల తొట్టి ఉంది. సుధేష్ణ పెరటి వైపు కిటికీ దగ్గరికి జరిగింది. ఉత్తరం రాకపోతే ఇక్కణ్ణుంచి ఎంతవరకు కనబడుతుందో కొలిచి చూసుకుంది. ముల్లు కనబడదు. రాబర్ట్ కంప్యూటర్ తెర వైపు ఒకసారి వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. రెండూ యాభై. పురుషోత్తం బడికి ఫోన్ చేయనా అన్నాడు. వద్దంది.

రెండూ యాభై నాలుగుకు కంప్యూటర్ టింగుమంది. రాబర్ట్ తెరిచాడు. పై నుంచి కిందికి మొత్తం చదివాడు. పేరు, తేదీలు, షెడ్డు చిరునామా, సంతకం. ప్రింటు తీశాడు. ప్రింటరు కాగితం మింగి మూలిగి నెమ్మదిగా వదిలింది. దాన్ని గోడకు గుచ్చి, స్టాప్‌వాచ్ ఆమె చేతిలో పెట్టాడు.

"పరుగెత్తకు," అన్నాడు.

ఆమె పరుగెత్తలేదు. కానీ అంత వేగంగా నడవడం ఆ బూట్లతో కుదురుతుందని అంతవరకు ఆమెకు తెలియదు.

పంపు దగ్గర ఆమె చోటు ముల్లుకు ఎదురుగా. ఒక చేతిలో వాచ్, ఇంకో చేతిలో అట్టకు బిగించిన కాగితం. మూడు గడులు: నిమిషం మొదట ముల్లు ఎక్కడ, నిమిషం చివర ఎక్కడ. మూడో గడిలో పాసో ఫెయిలో. కింద చదివినవాళ్ల పేరు. ఇంజను మొదలైంది. ముల్లు వణికింది, దిగింది, ఇంకా దిగింది, నిలబడింది. రాబర్ట్ ఇంజను ఆపి వేలు చూపాడు. సుధేష్ణ వాచ్ నొక్కింది.

పది సెకన్లు. ఇరవై. ముల్లు కదిలింది. ఆమె రెప్ప వేసి మళ్లీ చూసింది. ముప్పై. కదులుతూనే ఉంది. నలభై ఐదుకే ఎర్ర గుర్తు దాటేసింది. నిమిషానికి ఆమె అంకె చదివింది. లెటర్‌కెన్నీ మనిషి ఒకతను హమ్మో అన్నట్టు తల పట్టుకున్నాడు. రాబర్ట్ కాగితం వైపు గడ్డంతో చూపాడు. ఆమె రాయబోయింది.

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా," అన్నాడు వెనక నుంచి పురుషోత్తం. "ఎట్లనో సరిచేస్తరు కద. పాసైనంక రాయరాదు? నీ పేరు మీద మొదటిదే ఫెయిల్..."

అనేశాక తనే ఆగాడు. సుధేష్ణ వెనక్కి తిరగలేదు.

"ఫెయిలయింది డాడీ."

"అవ్. రాయి, రాయి," అన్నాడాయన. "మా ఆఫీసుల నేను రాయనోన్ని తిడ్త."

ఆమె ఫెయిల్ అని రాసి, పక్కన తన పేరు రాసింది.

లీకు ఎక్కడో వెతకాలి. రాబర్ట్ మళ్లీ గాలి లాగించి, ఇంజను ఆపించి, అందరినీ నోరు మూసుకోమన్నాడు. గాలి లోపలికి దూరే చోట సన్నగా కూస్తుంది. ముసలి చెవులకు ఆ కూత అందదు, నువ్వు విను అన్నాడు. సుధేష్ణ వాచ్ జేబులో వేసుకుని, పంపు చుట్టూ వంగి, ఒక్కో బిగింపు దగ్గర చెవి పెట్టింది. పెద్ద మూత దగ్గర లేదు. పైపు దగ్గర లేదు. రోడ్డు మీద లారీ పోయింది, అది పోయేదాకా ఊపిరి బిగబట్టింది. అప్పుడు వినబడింది, కింద నుంచి, పాలగిన్నె పొంగే ముందు చేసే చప్పుడంత. నేల మీద పడుకుని చెయ్యి చాచి చూపింది. నీళ్లు బయటికి వదిలే చిన్న కుళాయి. మెకానిక్కు దాన్ని విప్పాడు. లోపలి రబ్బరు వాషర్ మీద ఇసుక రేణువు కూర్చుని ఉంది. తుడిచి, కొత్త వాషర్ వేసి బిగించాడు.

టైము మూడూ ఇరవై ఐదు. మళ్లీ మొత్తం. ముల్లు దిగింది. ఇంజను ఆగింది. సుధేష్ణ వాచ్ నొక్కింది. పెరట్లో ఉన్న ఆరుగురూ ఆమె మొహమే చూస్తున్నారు, ముల్లు చూడగలిగింది ఆమె ఒక్కతే కనుక. ముప్పై. నలభై ఐదు. ఆమె మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. అరవై.

"నిలబడింది," అంది. తెలుగులోనే వచ్చింది. పురుషోత్తం రెండు చేతులూ పైకెత్తాడు. అది చూసి మిగతావాళ్లకూ అర్థమైంది.

రెండో వరస నింపి పేరు రాసింది. తొట్టిలోకి లావు పైపు దింపారు. లెటర్‌కెన్నీ వాళ్లిద్దరూ గొట్టం చివర పట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డారు. రాబర్ట్ ఆమెను ఇంకో ముల్లు ముందుకు జరిపాడు. ఇది నీళ్ల ఒత్తిడి చెప్పేది. చదివి నాకు కేకేయి, నేను పెంచుతాను, ఏడు దాటితే చెయ్యెత్తు అన్నాడు. ఇంజను గర్జించింది. నేల నుంచి బూట్లలోకి, బూట్ల నుంచి పళ్లలోకి వణుకు పాకింది. గొట్టం పాములా బిగుసుకుంది. నీళ్లు లేచి పెరడు దాటి, అవతలి గోడకు తగిలి, గోడంత ఎత్తున చెదిరాయి.

"మూడు!" అని అరిచింది సుధేష్ణ. "నాలుగు!"

రాబర్ట్ చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదన్నట్టు తల ఊపాడు. ఆమె ఊపిరి తీసుకుని మళ్లీ అరిచింది.

"ఐదు!"